అరచేత్తో ఆగిన ఎడమ మలుపు

బాబాయ్ అందరికీ బాబాయే. ఎవరికి ఎటునుంచి బాబాయో అడిగితే ఎవరూ చెప్పలేరు. ఏదో గోడౌన్లో వాచ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మూసిన షట్టరుతో తప్ప మాట్లాడే అవకాశం రాలేదు కాబోలు, ఆ కరువంతా ఇప్పుడు సిగ్నలు పక్కనున్న టీకొట్టులో తీర్చుకుంటున్నాడు. పొద్దున్నే వచ్చి బల్ల కొస మీద కూర్చుంటాడు. మొదటి గ్లాసు సగం అయ్యేసరికి కోతలు మొదలవుతాయి. కొట్టుకు అటుపక్క సెలూన్ నడిపే ఆయన, ఇటుపక్క దర్జీ, బేరం లేనప్పుడల్లా వచ్చి వింటారు. నమ్మి కాదు, ఊరికే వచ్చే వినోదాన్ని ఎవరు వదులుకుంటారు.

కొట్టు నడిపే ఆమెను ఆ కూడలంతా వదిన అనే పిలుస్తుంది. ఆమె మాత్రం ఈమధ్య బాబాయ్ కోతల్ని చెవులు రిక్కించి వింటోంది. అందుకు కారణం బల్ల పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆమె భర్త. విరిగిన కాలు చెక్కపెట్టె మీద చాపుకుని, బకెట్టులో గ్లాసులు కడుగుతున్నాడు.

మూడు నెలల కిందటి మాట. రోజూ లాగే ఆయన అవతలి వైపు పాలడిపో నుంచి క్యాను పట్టుకుని, జీబ్రా చారల మీద రోడ్డు దాటి వస్తున్నాడు. బాబాయ్ ఇల్లు కూడా అవతలే కాబట్టి ఇద్దరూ కలిసే వస్తున్నారు. మెయిన్ రోడ్డు నుంచి ఎడమకు తిరిగిన వ్యాను ఒకటి వచ్చి ఆయన పాదం మీదుగా పోయింది. ఆ కూడలిలో అది కొత్తేమీ కాదు. నడిచేవాళ్ళకు పచ్చ బొమ్మ వెలిగినప్పుడే ఎడమకు తిరిగే బళ్ళకూ పచ్చ వెలుగుతుంది. ఇద్దరినీ ఒకేసారి రమ్మని పిలిచి, మీలో మీరు తేల్చుకోండి అని సిగ్నలు స్తంభం తమాషా చూస్తూ ఉంటుంది. ఎడమకు తిరిగే బళ్ళకు విడిగా ఒక బాణం లైటు పెట్టండి, ముందు నడిచేవాళ్ళని పోనిచ్చి తర్వాత వాళ్ళని వదలండి అని కూడలి వాళ్ళంతా రోడ్ల ఆఫీసు చుట్టూ తిరిగారు.

ఆఫీసు వాళ్ళు తాపీగా విన్నారు. వ్యాను డ్రైవరు మాత్రం వదిన భర్తే ఎర్ర బొమ్మ ఉండగా అడ్డం వచ్చాడని చెప్పాడట. అలాగైతే తప్పు నడిచినవాడిదే తప్ప సిగ్నలుది కాదు, మార్చాల్సిన అవసరమూ లేదు. దెబ్బ తగిలినవాడు కాకుండా, పచ్చ బొమ్మ ఉందని చెప్పే మనిషి ఇంకెవరైనా ఉంటే తీసుకురండి, వింటామన్నారు. అలా చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. పక్కనే నడుస్తున్న బాబాయ్.

అక్కడే వదిన ప్రాణానికి వచ్చింది. ఇప్పుడు పాలకోసం ఆమే వెళ్తోంది. రెండు చేతులా క్యాను పట్టుకుని ఆ చారల మీద అడుగు పెట్టిన ప్రతిసారీ ఎడమవైపు నుంచి హారను మోగితే అక్కడికక్కడే ఆగిపోతోంది. బాబాయ్ ఆ రోజు సంగతి రోజూ చెబుతాడు. కానీ బొమ్మ ఏ రంగులో ఉందో ఆ ఒక్క ముక్క తప్ప మిగతావన్నీ చెబుతాడు. ఆఫీసులో మాట్లాడేది ఇవాళ మధ్యాహ్నం. అందుకే పొద్దున్నే ఆమె స్ట్రాంగ్ టీ ఒకటి పెట్టి, బాబాయ్ ముందుంచి, ఆ రోజు అసలేం జరిగిందో మొదటినుంచి నిదానంగా చెప్పమంది.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. ముందు చాలా వినయంగానే మొదలుపెట్టాడు.

"ఇందులో నేను చేసిందేముందమ్మాయ్, గోరంత. వీడూ నేనూ వస్తున్నాం, వ్యాను తిరిగింది, వీడు చూసుకోలేదు, పాలక్యాను మీదే ధ్యాస కదా పాపం. నేను చూశాను. చూసి ఏం చేశానూ, ఊరికే అరచెయ్యి చాపాను, ఇలాగ. అంతే. నా చెయ్యి తగలబట్టి వ్యాను పాదం దగ్గర ఆగిపోయింది, లేకపోతే ఛాతీ దాకా వచ్చేది. ఇంకొకడైతే దీనికి సన్మానం చేయించుకునేవాడు. నేను అలాంటివాణ్ణి కాదు."

"అప్పుడు నడిచే బొమ్మ ఏ రంగులో ఉంది బాబాయ్ గారూ?" అంది వదిన.

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ముందు చెయ్యి సంగతి పూర్తికానీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వ్యానుకు ముందువైపు నా అయిదు వేళ్ళూ పడ్డాయి. రేకు మీద. ముద్ర వేసినట్టు. షెడ్డుకు తీసుకెళ్ళి సుత్తితో కొట్టారట, వేళ్ళు పోవే. రంగు వేశారు, రంగు మీద కూడా తేలాయి. చివరికి ఆ షెడ్డు మేస్త్రీ, ఇది మా వల్ల అయ్యే పని కాదు, ఆ చెయ్యి ఎవరిదో ఆయన్నే తీసుకొచ్చి వెనక్కి లాగించుకోండి అన్నాడట."

దర్జీ మెడలో టేపు సర్దుకుంటూ, ఆ వేళ్ళలో ఉంగరం గుర్తు కూడా పడిందా అని అడిగాడు. పడిందన్నాడు బాబాయ్, రాయితో సహా. బాబాయ్ చేతికి ఉంగరం లేదని అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆ వ్యానులోనే ఉండిపోయిందని ఆయనే చెప్పేశాడు, ఎవరూ అడక్కముందే.

"సరే, వ్యాను ఆగింది. ఆగితే ఊరుకుంటుందా? దాని వెనకాల లారీ. సిమెంటు లారీ. అదీ ఎడమకే తిరగాలి. అది వచ్చి వ్యానుకు ఆనుకుంది. ఆ బరువు ఎవరి మీద పడుతుంది చెప్పండి? నా మీదే కదా. లారీ వెనకాల బస్సు. బస్సు వెనకాల ఇంకో బస్సు. ఊళ్ళో ఎడమకు తిరగాలనుకున్న బళ్ళన్నీ ఆ రోజే, ఆ గంటే తిరగాలనుకున్నాయి, నా ఖర్మకొద్దీ. అన్నీ ఒకదానివెనక ఒకటి ఆనుకుని తోస్తున్నాయి. నేను ఒక్క చేత్తో ఆపాను. రెండో చెయ్యి ఖాళీ లేదు."

"రెండో చేత్తో ఏం చేస్తున్నావు?" అన్నాడు సెలూన్ ఆయన.

"వీడి పాలక్యాను పట్టుకోలేదూ? వీడు పడిపోయాడు కదా. పాలు ఒలికితే అమ్మాయి టీ దేంతో పెడుతుంది? చుక్క ఒలకలేదు. కావాలంటే అమ్మాయినే అడగండి."

ఎవరూ అడక్కుండానే వదినకు గుర్తొచ్చింది. ఆ రోజు రోడ్డంతా తెల్లగా పారింది. ఆ పాలలోనే భర్త చెప్పు ఒకటి తేలింది. ఆమె గ్లాసులో ఇంకాస్త టీ పోసి, ఆ బొమ్మ రంగు ఏమిటో చెప్పమని మళ్ళీ అడిగింది. ఎవరైనా ఇలా అడ్డుపడితే కథ చెడుతుందని బాబాయ్ మందలించాడు.

"ఆ వరస ఎంతదాకా పోయిందో తెలుసా? ఊరు దాటింది. పక్క ఊరు దాటింది. ఆ పక్క ఊళ్ళో టీకొట్టు వాళ్ళు బళ్ళలోవాళ్ళకు టీలు అందించి బాగుపడ్డారు, ఇప్పుడు వాళ్ళది రెండంతస్తుల మేడ. బస్సులో పెళ్ళివారున్నారు, ముహూర్తం దాటిపోతోందని ఏడుపు. నేను అక్కడినుంచే కేకేశాను, నా చెయ్యి దించితే మనిషి ప్రాణం పోతుంది, మీరు పెళ్ళి బస్సులోనే కానిచ్చుకోండి అని. కానిచ్చారు. కండక్టరే పెద్దమనిషి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ జంటకు బిడ్డ పుట్టాడు."

"అదే బస్సులోనా?" అన్నాడు దర్జీ.

"మరి బస్సు కదిలితే కదా దిగడానికి. నేను చెయ్యి దించేసరికి వాడికి నడక కూడా వచ్చింది. వాణ్ణి నడిపించుకుంటూ దిగారు."

సెలూన్ ఆయన లెక్క చూసుకుని, ప్రమాదం జరిగి మూడు నెలలే అయిందని గుర్తు చేశాడు. ఆ లెక్క బయటివాళ్ళకని, వరసలో ఉన్నవాళ్ళకు కాలం వేరేగా నడుస్తుందని, ఎప్పుడైనా ఎర్రలైటు దగ్గర నిలబడితే తెలుస్తుందని బాబాయ్ జవాబిచ్చాడు. అది మాత్రం నిజమేనని దర్జీ ఒప్పుకున్నాడు.

బాబాయ్‌కి ఆ ఒక్క ఒప్పుకోలు చాలు. బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. టీ చల్లారిపోతోంది. ఆయనకు అది కూడా పట్టలేదు.

"అప్పుడు నాకనిపించింది, ఎంతకాలమని ఇలా చెయ్యి పెట్టి ఆపుతాను, రేపు నాకు జ్వరం వస్తే ఈ జనం గతేమిటి అని. స్తంభం ఎక్కాను. చరచరా ఎక్కి, పైనున్న లైటును పట్టుకుని కుడికి తిప్పేశాను. అంతే, ఊళ్ళో ఒక్క బండి ఎడమకు తిరగలేదు. తిరగడం మర్చిపోయాయి. ఎడమకు పోవాలంటే మూడుసార్లు కుడికి తిరిగి పోవాల్సిందే. పెట్రోలు బంకు వాళ్ళు నాకు దణ్ణం పెట్టారు. టైర్ల కొట్టువాడు దండ పట్టుకొచ్చాడు, ఎందుకంటే అన్నిబళ్ళకూ ఒకవైపు టైర్లే అరిగిపోయేవి, వాడి దగ్గర ఒకవైపువి చాలక ఓడలో తెప్పించాడు. ఎక్కడెక్కడినుంచో ఇంజనీర్లొచ్చారు. టోపీలు తీసి, అయ్యా, ఎడమ మలుపు దగ్గర మా ఊళ్ళలోనూ జనం చస్తున్నారు, ఏం చెయ్యమంటారు అన్నారు. చెప్పాను. నా పేరు పెట్టకండిరా, నాకు పేరు పిచ్చి లేదు, పని కావాలి అని చెప్పాను."

వదిన పొయ్యి తగ్గించింది. రోడ్ల ఆఫీసులో ఇంజనీరు ముందు ఈ మాటలే వినిపిస్తున్నట్టయింది ఆమెకు. అక్కడ వ్యాను మీద వేళ్ళు, బస్సులో పెళ్ళి మొదలైతే ఇంకేముంది, వాళ్ళు నవ్వి ఫైలు మూసేస్తారు. ఆ తర్వాత ఆ మలుపు అలాగే ఉంటుంది. తను రోజూ క్యానుతో దాటాలి. ఏదో ఒకరోజు తన భర్త కూడా కర్ర పట్టుకుని దాటాలి. ఆమెకు ఒళ్ళు మండింది.

బాబాయ్‌కి అవేమీ తెలియవు. ఆయన ఇప్పుడు ఆకాశంలో ఉన్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రోజు సాయంత్రం సూర్యుడు దిగుతూ దిగుతూ అదుగో, ఎదురుగా కనిపించే ఆ మేడ మూల దగ్గరికి వచ్చాడు. అక్కడినుంచి ఎడమకు తిరిగితేనే కదా అస్తమించేది. నేను లైటు తిప్పేసి ఉంచాను. తిరగలేడు. ఆగిపోయాడు. ఎంతసేపూ అక్కడే నిలబడి నావంక చూస్తున్నాడు, వదలమంటావా వద్దా అన్నట్టు. నాకే జాలేసి, సరే నువ్వొక్కడివీ పో అన్నాను. ఆ రోజు ఎంతకీ చీకటి పడకపోవడం మీకెవరికీ గుర్తులేదూ?"

తను మామూలు వేళకే లైటు వేసుకున్నానని సెలూన్ ఆయన అన్నాడు. దర్జీ నవ్వు ఆపుకోలేక టేపు నోట్లో పెట్టుకున్నాడు. వదిన నవ్వలేదు. పొయ్యి దగ్గరనుంచి వచ్చి బాబాయ్ ఎదురుగా నిలబడింది.

"బాబాయ్ గారూ, సూర్యుడు పోయాడు. ఇంజనీర్లూ పోయారు. ఇప్పుడు చెప్పండి. మీరిద్దరూ చారల మీద అడుగు పెట్టినప్పుడు ఆ బొమ్మ పచ్చగా ఉందా, ఎర్రగా ఉందా?"

బాబాయ్ ఆమెవంక జాలిగా చూశాడు. ఇంత కథ విన్నాక కూడా ఇంత చిన్న సంగతి అడుగుతుందేమిటి అన్నట్టు.

"ఎర్రగా. నిప్పుకణంలా ఎర్రగా ఉంది. పచ్చలో ఎవడైనా దాటుతాడమ్మాయ్, అందులో గొప్పేముంది? ఎర్రలైటు వెలుగుతుంటే, అన్నివైపులనుంచీ బళ్ళు వస్తుంటే, వీడి చెయ్యి పట్టుకుని నేనే దాటించాను. ఇవాళ ఆఫీసులో కూడా అదే చెబుతాను. వాళ్ళకీ తెలియాలి కదా."

ఎవరూ నవ్వలేదు. దర్జీ నోట్లోంచి టేపు తీసేశాడు. వదిన మూడు నెలలుగా ఒక్క ముక్క కోసం ఎదురుచూస్తే, చివరికి ఆ ముక్కే ఆమె భర్త కాలు విరిగిన తప్పును భర్త నెత్తినే పెట్టేలా వచ్చింది. ఆ ముసలాయన అది అబద్ధమని కూడా అనుకోవడం లేదు. గొప్పగా ఉంటుందని ఎరుపు వేశాడు, అంతే.

బకెట్టులో గ్లాసుల చప్పుడు ఆగింది. ప్రమాదం జరిగినప్పటినుంచీ బాబాయ్ కోతలు మొదలుపెడితే వదిన భర్త ఒక్కసారి కూడా నోరు మెదపలేదు. పెద్దాయన ముచ్చట పడి చెప్పుకుంటున్నాడు, పోనీలే అనుకునేవాడు. ఇప్పుడు చేతులు తువ్వాలుతో తుడుచుకుని తలెత్తాడు.

"బాబాయ్, నువ్వు ఎరుపూ చూడలేదు, పచ్చా చూడలేదు. రోడ్డు దాటేటప్పుడు నువ్వు కళ్ళు మూసుకుంటావు."

బాబాయ్ చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

వదిన భర్త కోపంగా చెప్పలేదు. మామూలుగా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు. పాలడిపో దగ్గర బాబాయ్ ప్రతిరోజూ తనకోసం కాచుకుని కూర్చునేవాడని, పదరా నిన్ను దాటిస్తాను అని మోచెయ్యి పట్టుకునేవాడని, చారలు వచ్చేసరికి ఆ పట్టు బిగిసేదని, చూస్తే కళ్ళు గట్టిగా మూసుకుని ఉండేవాడని చెప్పాడు. ఆ రోజు వ్యాను తిరిగినప్పుడు తనే బాబాయ్‌ని ముందుకు తోశాడు. బాబాయ్ గట్టెక్కాడు, తను వెనకబడ్డాడు. అంతకు మించి అక్కడ జరిగిందేమీ లేదు.

అప్పుడు దర్జీకి ఇంకో సంగతి తట్టింది. వదిన భర్త కాలు విరిగినప్పటినుంచీ బాబాయ్ బడికెళ్ళే పిల్లల గుంపుతో కలిసి వస్తున్నాడు, వాళ్ళని దాటిస్తున్నానని చెప్పుకుంటున్నాడు. ఆ గుంపులో ఎవరు ఎవరిని దాటిస్తున్నారో ఇప్పుడు తెలిసిందన్నాడు. సెలూన్ ఆయన మోచేత్తో పొడిచి ఊరుకోమన్నాడు.

గాలి తీసిన ట్యూబులా బాబాయ్ బల్ల మీద కూలబడ్డాడు. చల్లారిన టీ ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. వదినకు కోపం ఇంకా ఉంది. కానీ ఆ కోపంలోనే ఆమెకు మరో ప్రశ్న తోచింది.

"కళ్ళు మూసుకున్నారు సరే. చెవులు కూడా మూసుకున్నారా?"

"చెవులెందుకు మూసుకుంటాను?" అన్నాడు బాబాయ్ చిన్నగా.

"అయితే ఏం విన్నారు?"

బాబాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఇది చెప్పుకోదగ్గ మాట కాదన్నట్టు తలవంచుకుని చెప్పాడు.

"రోజూ వినేదే. పచ్చ పడింది, పద బాబాయ్ అంటాడు వీడు. ఆ మాట వినిపించందే నేను అడుగు వెయ్యను. నాకు భయం. ఎన్నేళ్ళయినా ఆ ఎడమ మలుపంటే నాకు భయం. ఆ రోజూ అన్నాడు. అన్నాకే కదిలాం."

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సూర్యుణ్ణి ఆపినవాడి దగ్గర ఇంతకాలం కావలసిన మాట ఉంది, మరీ చిన్నదని పక్కన పడేశాడు. ఆ ముక్కే ఆఫీసులో చెప్పమంది ఆమె. కళ్ళు మూసుకున్న సంగతి కూడా చెప్పాలా అని బాబాయ్ అడిగాడు. చెప్పాలంది. అది చెబితేనే, ఈ మనిషి పచ్చ పడిందని వినకుండా అడుగు వెయ్యడని వాళ్ళు నమ్ముతారంది. బాబాయ్ ముఖం మాడింది కానీ కాదనలేదు. కనీసం వ్యాను మీద వేళ్ళ సంగతైనా ఉంచుకోవచ్చా అని బేరం పెట్టాడు. ఒక్క వేలు కూడా వద్దంది వదిన.

మధ్యాహ్నం కొట్టు దర్జీకి అప్పజెప్పి ఆమే బాబాయ్‌ని వెంట తీసుకెళ్ళింది. ఆమె భర్త నిలబడగలిగినా ఇంకా నడవలేడు, అందుకే స్టూలు మీదనుంచే చూస్తున్నాడు. ఆఫీసు రోడ్డుకు అవతల. అంటే ఆ చారల మీదుగానే పోవాలి. అంచు దగ్గరికి రాగానే బాబాయ్ చెయ్యి ఆమె మోచెయ్యి వెతుక్కుంది, పట్టు బిగిసింది. చూస్తే కళ్ళు అప్పుడే మూతలు పడుతున్నాయి.

ఇవాళ కళ్ళు తెరిచే దాటాలని వదిన కచ్చితంగా చెప్పేసింది. ఆఫీసులో వాళ్ళు అడిగితే చెప్పడానికైనా ఒక్కసారి చూడాలి కదా అంది. బాబాయ్ ఏడవలేక కళ్ళు పెద్దవి చేశాడు. బొమ్మ పచ్చగా వెలిగింది.

"పచ్చ పడింది, పదండి బాబాయ్ గారూ."

నాలుగు అడుగులు వేశారో లేదో, ఎడమకు తిరుగుతూ ఒక కారు వాళ్ళ మీదికే వచ్చింది. బాబాయ్ బిక్కచచ్చిపోయి, అలవాటు లేని కళ్ళతో ఆ కారును, బళ్ళ కోసం వెలిగే సిగ్నలు లైటును, ఎదురుగా ఉన్న బొమ్మను మార్చి మార్చి చూశాడు. భయంతో ఆయన చెయ్యి దానంతటదే పైకి లేచింది. కారు డ్రైవరు ముసలాయన్ని చూసి బ్రేకు వేశాడు. కారు ఆగింది.

అవతలి గట్టు ఎక్కేదాకా బాబాయ్ ఊపిరి పీల్చలేదు.

"ఇదేమిటమ్మాయ్, మనకూ పచ్చే, వాడికీ పచ్చే."

మూడు నెలలుగా తాము మొత్తుకుంటున్నది అదేనని వదిన చెప్పింది. ఆ ముక్క కూడా ఆఫీసులో చెప్పమంది. బాబాయ్ బుద్ధిగా తలూపాడు. నాలుగడుగులు నడిచాడు. ఆగాడు. వెనక్కి తిరిగి ఆ మలుపు వంక ఒకసారి, తన అరచేతి వంక ఒకసారి చూసుకున్నాడు. వంగిన వెన్ను నెమ్మదిగా నిటారయింది.

"అమ్మాయ్, ఆ కారు... నా చెయ్యి చూసే ఆగింది కదూ?"

"మీ చెయ్యి చూసే ఆగింది. ఒక్క కారు బాబాయ్ గారూ, అదీ చిన్నది. ఆఫీసు మెట్లెక్కేలోపు అది లారీ కాకూడదు."